వేగుచుక్క గురించి మేము చెప్పిన మాట

అది 2020 సెప్టెంబరు. మదర్సా తలుపులు మూసి అప్పటికి ఆరు నెలలు కావస్తున్నది. విద్యార్థులందరూ తమ తమ ఊళ్లలో ఉన్నారు. పాఠాలు ఫోనులోనే సాగుతున్నవి. ఆ రోజుల్లో ఫజ్ర్ అజాన్ వేళకు మేడ మీదికి వెళితే తూర్పు ఆకాశంలో వేగుచుక్క దీపంలా వెలుగుతూ ఉండేది. అరబీలో దానిని జుహరా అంటారు, తెలుగులో శుక్రుడు. అది చుక్క కాదని, మన భూమికి పొరుగున తిరిగే గ్రహమని చిన్న తరగతి పిల్లలకు కూడా తెలుసు.

ఆ నెల 14వ తేదీన ఒక వార్త ప్రపంచమంతటా పాకింది. శుక్రగ్రహ మేఘాలలో ఫాస్ఫీన్ అనే వాయువు జాడ కనిపించిందని, బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ గ్రీవ్స్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం ప్రకటించారు. ఆ వార్త ఎవరో పంపగా మా ఫోనుకు చేరింది. అయిదారు వాక్యాలు చదివాము. ఉత్సాహం పట్టలేక విద్యార్థుల గ్రూపులో నాలుగు నిమిషాల వాయిస్ సందేశం పెట్టాము. "తెల్లవారుజామున మీరు చూస్తున్న జుహరాలో ప్రాణులున్నట్లు శాస్త్రజ్ఞులు రుజువు చేశారు" అన్నాము.

రుజువు అన్న మాట మాది. వారు ఆ మాట అనలేదు. ఫాస్ఫీన్ కనిపించినంత మాత్రాన ప్రాణి ఉన్నట్లు కాదనీ, మనకు అర్థం కాని రసాయన చర్య ఏదో అక్కడ జరుగుతున్నదని మాత్రమే చెప్పగలమనీ వారు తమ వ్యాసంలోనే రాశారు. మేము ఆ వ్యాసం చదవలేదు. వార్త కూడా చివరి దాకా చదవలేదు.

గత షవ్వాల్ నెలలో ఒక పాత విద్యార్థి మమ్మల్ని చూడడానికి వచ్చాడు. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చదువుతున్నాడు. టీ తాగుతూ, మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పాడు. కాలేజీలో శుక్రగ్రహం ప్రస్తావన వచ్చినప్పుడు లేచి, అక్కడ ప్రాణులున్నట్లు రుజువైందని చెప్పాడట. ఎక్కడ చదివావని అధ్యాపకురాలు అడిగితే, మా ఉస్తాద్ చెప్పారన్నాడట. తరగతిలో కొందరు నవ్వారట. ఆమె నవ్వలేదు, తర్వాత వచ్చిన వ్యాసాలు కూడా చదివి రమ్మన్నదట. అతడు చదివాడు. "హజ్రత్, ఆ తర్వాతి సంగతి మీకు తెలుసా?" అని అడిగాడు. ఆ గొంతులో నింద లేదు. అది ఉండి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేదేమో.

మాకు తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వాకబు చేయలేదు. ఆ పిల్లవాడు వెళ్లిన తర్వాత రెండు నెలల పాటు, తీరిక దొరికినప్పుడల్లా ఈ గ్రహం గురించి చదివాము. కొన్ని చోట్ల అతడినే ఫోనులో అడిగి అర్థం చేయించుకున్నాము. పాఠకులు అనుమతిస్తే ఈ నెల శీర్షికను ఆ బాకీ తీర్చడానికే వాడుకుంటాము.

ముందుగా ఆ గ్రహం స్వరూపం చెప్పుకోవాలి. పరిమాణంలో శుక్రుడు భూమికి తోబుట్టువు వంటివాడు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లయితే శుక్రుడిది 12,104. పోలిక దాదాపు అక్కడితో ముగుస్తుంది. నేల మీద వేడి సుమారు 465 డిగ్రీల సెంటీగ్రేడు. సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుందంటే ఆ వేడిని ఊహించుకోవచ్చు. పగలైనా రాత్రి అయినా, మధ్యరేఖ దగ్గరైనా ధ్రువాల దగ్గరైనా అది పెద్దగా తగ్గదు. గాలి బరువు భూమి మీద కంటే తొంభై రెట్లకు పైన. సముద్రంలో 900 మీటర్ల లోతున మునిగితే ఒంటి మీద ఎంత ఒత్తిడి పడుతుందో, అక్కడ నేల మీద నిలబడితే అంత పడుతుంది. ఆ గాలిలో నూటికి 96 పాళ్లకు పైగా కార్బన్ డయాక్సైడ్, మిగిలినది చాలా వరకు నైట్రోజన్. పైన, దాదాపు 48 కిలోమీటర్ల ఎత్తు నుంచి 70 కిలోమీటర్ల దాకా కప్పుకున్న మేఘాలు నీటివి కావు, సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలు.

ఆ గ్రహం తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటుంది. సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి పట్టేది 225 రోజులే. పైగా తిరగడం వెనుకకు, అంటే అక్కడ సూర్యుడు పడమర ఉదయిస్తాడు. ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి మన లెక్కలో 117 రోజులు. ఈ మాట తరగతిలో చెప్పగానే ఒక చిన్నవాడు, మరి అక్కడ నమాజ్ వేళలు ఎలా లెక్కపెడతారని అడిగాడు. ముందు అక్కడ నిలబడగలిగితే కదా నాయనా అన్నాము. నేల అంత నెమ్మదిగా తిరుగుతున్నా మేఘాల పైపొర మాత్రం నాలుగు రోజులలో గ్రహాన్ని చుట్టి వస్తుంది. గంటకు 360 కిలోమీటర్ల వేగపు గాలి అది. కింద నేల దగ్గర గాలి మనిషి నడక కన్నా వేగంగా ఉండదు.

మేము ఎక్కువగా ఆశ్చర్యపోయింది మరో విషయానికి. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా ఉన్నాడు కాబట్టి వేడెక్కాడని ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చాము. అది సగం మాట మాత్రమే. ఆ తెల్లని మేఘాలు తమ మీద పడే వెలుగులో నాలుగింట మూడు వంతులు వెనక్కు తిప్పికొడతాయి. వేగుచుక్క అంతగా మెరవడానికి కారణం కూడా అదే. లెక్క వేస్తే, సూర్యుని నుంచి శుక్రుడు లోపలికి పుచ్చుకునే వేడి భూమి పుచ్చుకునే దానికన్నా తక్కువ. వచ్చిన కొద్ది వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కప్పి ఉంచుతున్నది కార్బన్ డయాక్సైడ్. సూర్యునికి ఇంకా దగ్గరగా ఉన్న బుధగ్రహం కూడా ఇంత వేడిగా ఉండదు.

మరి ఆ వాయువు భూమి మీద లేదా? ఉన్నది, దాదాపు అంతే మోతాదులో ఉన్నది. కాకపోతే గాలిలో కాదు, రాతిలో ఉన్నది. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుంటుంది. నదులు దానిని సముద్రానికి చేరుస్తాయి. అక్కడ అది సున్నపురాయిగా పేరుకుంటుంది. మా మదర్సా వరండాలో పరచినవి తాండూరు నాపరాళ్లు. పిల్లలు వాటి మీద కూర్చుని సబఖ్ చదువుతారు. కోట్ల సంవత్సరాల కిందటి గాలి ఆ బండలలో బందీగా ఉన్నదని మేము ఈ వయసులో తెలుసుకున్నాము. పల్నాటి సిమెంటు ఫ్యాక్టరీలలో సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ బందీలో కొంత మళ్లీ గాలిలోకి విడుదలవుతుంది.

శుక్రుడి మీద ఆ పని చేయడానికి నీరు లేకపోయింది. 1978లో అక్కడికి వెళ్లిన అమెరికా వ్యోమనౌక పయొనీర్ వీనస్ ఒక విషయం గుర్తించింది. అక్కడి గాలిలో మిగిలిన హైడ్రోజన్‌లో బరువైన రకం పాలు భూమి మీద కంటే నూరు రెట్లకు పైగా ఎక్కువగా ఉన్నది. సూర్యకిరణాలు నీటిని విడగొట్టినప్పుడు తేలికైన హైడ్రోజన్ సులభంగా అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది, బరువైనది వెనకబడుతుంది. కాబట్టి ఒకప్పుడు అక్కడ ఇప్పటికన్నా ఎంతో ఎక్కువ నీరు ఉండేది. అది సముద్రాలుగా నిలిచిందా, లేక మొదటి నుంచీ ఆవిరిగానే ఉండి పోయిందా అన్న దాని మీద వాదం ఇంకా నడుస్తున్నది.

ఇదంతా మనుషులకు ఒక్కసారిగా తెలియలేదు. తప్పుల మీద తప్పులు దిద్దుకుంటూ తెలుసుకున్నారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ భూమిని ఎంత వేడెక్కిస్తుందో 1896లో లెక్కగట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటే అర్రీనియస్, 1918లో శుక్రుణ్ణి మాత్రం తడిసి ముద్దైన చిత్తడి నేలగా, పచ్చదనం నిండిన లోకంగా ఊహించాడు. మేఘాలున్నాయంటే వాన ఉంటుందని ఆయన తర్కం. 1956లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల వారు రేడియో తరంగాలతో కొలిస్తే మూడు వందల డిగ్రీలకు పైగా వేడి తేలింది. చాలామంది నమ్మలేదు. ఆ తరంగాలు నేల నుంచి కాక పై పొరల నుంచి వస్తున్నాయేమో అన్నారు. 1962 డిసెంబరు 14న మారినర్ 2 నౌక శుక్రుని పక్కగా సాగిపోతూ కొలిచిన తర్వాతనే, వేడి కింది నుంచే వస్తున్నదని బలపడింది.

అయినా ఆశ చావలేదు. సోవియట్ వారు 1967లో పంపిన వెనెరా 4 నౌక ఒకవేళ నీటిలో దిగితే ఏమి చేయాలని ఆలోచించి, అందులో చక్కెరతో చేసిన ఒక గొళ్లెం అమర్చారు. నీరు తగిలితే చక్కెర కరిగి ఆంటెన్నా విడుదల కావాలి. ఆ చక్కెర కరిగే అవసరమే రాలేదు. అక్టోబరు 18న గాలిలోకి ప్రవేశించిన నౌక గంటన్నరకు పైగా కొలతలు పంపి, 260 డిగ్రీల వేడి దగ్గర మూగబోయింది. నేలను తాకిందని మాస్కో ప్రకటించింది. మరునాడే అమెరికా నౌక మారినర్ 5 శుక్రుని పక్కగా వెళ్లింది. రెండింటి కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే పొసగలేదు. ఆ రోజుల్లో రెండు దేశాల మధ్య ఎంత వైరం ఉండేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అయినా ఇరు పక్షాల శాస్త్రజ్ఞులు కూర్చుని లెక్కలు సరిచూసుకున్నారు. వెనెరా 4 నేలను తాకలేదు, సుమారు 25 కిలోమీటర్ల ఎత్తులోనే ఆగిపోయిందని తేల్చారు. ఒక ప్రభుత్వం చాటిన ఘనత తప్పని ఆ దేశపు పండితులే ఒప్పుకోవలసి వచ్చింది. ఈ భాగాన్ని మేము రెండుసార్లు చదివాము.

1970 డిసెంబరు 15న వెనెరా 7 నిజంగానే నేల మీద దిగింది. పారాచూట్ చెడి గట్టిగా తాకడంతో సంకేతాలు ఆగిపోయాయనుకున్నారు. తర్వాత రికార్డు చేసిన టేపులను ఓపికగా గాలిస్తే, హోరు మధ్యన 23 నిమిషాల పాటు సన్నని సంకేతం దొరికింది. మరో గ్రహపు నేల మీది నుంచి మనిషికి అందిన మొదటి కబురు అది. 1975 అక్టోబరు 22న వెనెరా 9 మొదటి చిత్రం పంపింది. పలకలు పలకలుగా చీలిన బండలు అందులో కనిపించాయి. 1982 మార్చి 1న దిగిన వెనెరా 13 అరగంట బతుకుతుందని తయారు చేస్తే 127 నిమిషాలు బతికి రంగుల చిత్రాలు పంపింది. నాలుగు రోజుల తర్వాత దిగిన వెనెరా 14 సంగతి వింటే నవ్వూ వస్తుంది, జాలీ కలుగుతుంది. మట్టి గట్టిదనం కొలవడానికి చాచిన చేయి సరిగ్గా కెమెరా నుంచి ఊడిపడిన మూత మీదనే మోపబడింది. అన్ని కోట్ల కిలోమీటర్లు వెళ్లి, తాము తీసుకువెళ్లిన మూతనే కొలిచారు.

ఇక ఫాస్ఫీన్ దగ్గరకు వద్దాము. ఈ వాయువు మన పాఠకులకు మరీ కొత్తది కాదు. గోదాములలో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే మాత్రల నుంచి వెలువడే విషవాయువు ఇదే. భూమి మీద ఇది ఫ్యాక్టరీలలో తయారవుతుంది, గాలి చొరబడని బురద వంటి చోట్ల సూక్ష్మజీవుల వల్ల కూడా వెలువడుతుంది. శుక్రుని మేఘాలలో 54 కిలోమీటర్ల ఎత్తు దగ్గర వేడి మన ఎండాకాలం లాగానే ఉంటుంది. 1985లో సోవియట్ వేగా నౌకలు వదిలిన రెండు బెలూన్లు ఆ ఎత్తులోనే దాదాపు రెండు రోజులు తేలియాడాయి. అంచేత ప్రాణి అంటూ ఉంటే ఆ మేఘాలలోనే ఉండవచ్చునన్న ఊహ చాలా కాలంగా ఉన్నది. గ్రీవ్స్ బృందం 2017లో హవాయిలోని దూరదర్శినితో, 2019లో చిలీ దేశంలోని అల్మా దూరదర్శినితో చూసి, నూరు కోట్ల అణువులలో ఇరవై పాళ్ల ఫాస్ఫీన్ ఉన్నదని అంచనా కట్టింది.

కొద్ది వారాలలోనే ఇతరులు అవే కొలతలను పరీక్షించారు. దూరదర్శిని నుంచి వచ్చే గీత నునుపుగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. ఆ అలలను గణితంతో తీసివేసి, మిగిలిన దానిలో వాయువు జాడ వెతకాలి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రజ్ఞులు, వాడిన గణితం మరీ ఎక్కువ మెలికలు తిరగగలిగినదనీ, ఆ పద్ధతితో ఏ వాయువూ లేని చోట కూడా జాడలు పుట్టించవచ్చుననీ చూపారు. మరికొందరు, కనిపించిన గీత సల్ఫర్ డయాక్సైడ్‌ది కావచ్చునన్నారు. దాని గీత కూడా దాదాపు అక్కడే పడుతుంది, ఆ వాయువు శుక్రుని మీద పుష్కలం. ఇంతలో అల్మా వారే, తాము ఇచ్చిన కొలతలను సవరించిన తీరులో లోపం ఉన్నదని గుర్తించి దిద్ది ఇచ్చారు. దిద్దిన కొలతలతో గ్రీవ్స్ బృందం మళ్లీ లెక్క వేసి, తమ అంచనాను తామే ఎన్నో రెట్లు తగ్గించి ప్రచురించింది. విమానంలో అమర్చిన సోఫియా దూరదర్శినితో 2021లో మరో బృందం చూస్తే ఫాస్ఫీన్ కనిపించలేదు. ఆ కొలతలను తాము పరిశీలిస్తే కొద్దిగా కనిపిస్తున్నదని గ్రీవ్స్ పక్షం వారు అంటున్నారు. వివాదం ముగియలేదు.

అంటే, అక్కడ ప్రాణులు ఉన్నాయని రుజువు కాలేదు, లేవనీ రుజువు కాలేదు. ఫాస్ఫీన్ ఉన్నదా అన్నదే తేలలేదు. మేము పంపిన నాలుగు నిమిషాల సందేశంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇదే సందర్భంలో మా మరొక అలవాటు గుర్తుకు వచ్చింది. ఇబ్నె సీనా తాను శుక్రుణ్ణి సూర్యబింబం మీద మచ్చలా చూశానని రాసుకున్న సంగతిని తరగతిలో గర్వంగా చెప్పేవారము. 1032 మే 24న శుక్రుడు సూర్యుని ముందుగా దాటిన మాట లెక్కల ప్రకారం నిజమే. కానీ ఆయన ఉన్న చోటికి అది కనిపించి ఉండేదా, ఆయన చూసింది సూర్యుని మీది మామూలు మచ్చ కాదు గదా అని చరిత్రకారులు తర్కించుకుంటున్నారు. సగం సంగతి చెప్పి సగం మింగడం మాకు 2020లో మొదలైన జబ్బు కాదన్నమాట.

పాత కొలతలను మళ్లీ చూడడం వల్ల నష్టమే కాదు, లాభమూ ఉన్నది. అమెరికా వారి మాజెల్లాన్ నౌక 1990 నుంచి 1992 వరకు రాడార్‌తో మేఘాలను చీల్చుకుని నూటికి 98 పాళ్ల నేలను పటంగా గీసింది. వేలాది అగ్నిపర్వతాలు బయటపడ్డాయి. అయితే అవి చల్లారిపోయినవా, ఇంకా రగులుతున్నవా తెలియలేదు. ముప్పై ఏళ్లు గడిచాక, ఇద్దరు పరిశోధకులు ఆ పాత చిత్రాలను వందల గంటల పాటు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు. మాట్ మోన్స్ అనే పెద్ద అగ్నిపర్వతం దగ్గర ఒక బిలం 1991 ఫిబ్రవరికీ అక్టోబరుకూ మధ్య దాదాపు రెండింతలై, ఆకారం మారి కనిపించింది. 2023లో ఆ సంగతి ప్రచురించారు. కొత్త నౌక ఏదీ వెళ్లలేదు. కొలతలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. కూర్చుని చూసేవారే కావలసి వచ్చారు.

జపాన్ వారి అకాత్సుకి గురించి కూడా ఒక మాట. 2010 డిసెంబరు 7న దాని ఇంజన్ చెడి శుక్రుణ్ణి దాటిపోయింది. అయిదేళ్లు సూర్యుని చుట్టూ తిప్పి, 2015లో అదే తేదీన చిన్న ఇంజన్లతోనే కక్ష్యలోకి చేర్చారు.

ఇక మన దేశం. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం శుక్రగ్రహ యాత్రకు 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2028 మార్చిలో ప్రయోగించాలని ఇస్రో సంకల్పం. నౌక దిగదు, చుట్టూ తిరుగుతూ నేలనూ గాలినీ పరిశీలిస్తుంది. ఇస్రో భారీ రాకెట్లు ఎగిరేది మన శ్రీహరికోట నుంచే.

ఈ వ్యాసం రాయడానికి ముందు పాత గ్రూపును వెతికి తీశాము. అందులో 43 మంది ఉండేవారు. కొందరి నంబర్లు మారాయి. ఒకరు సౌదీలో ఉన్నారు, ఇద్దరు తమ ఊళ్లలో ఇమాములు, ఒకడు లారీ నడుపుతున్నాడు. మళ్లీ ఒక సందేశం పెట్టాము. ఈసారి ఏడు నిమిషాలు పట్టింది. అప్పుడు మేము రుజువు అన్నది తప్పని, అది శాస్త్రజ్ఞుల మాట కాదు మా మాటేనని, మా మాట విని మరొకరికి చెప్పినవారు ఉంటే వారికి కూడా ఈ సంగతి చేర్చమని కోరాము. ఇందువల్ల తరగతిలో నవ్వులపాలైన విద్యార్థిని, పేరు చెప్పకుండా, క్షమాపణ అడిగాము.

సాయంత్రానికి పందొమ్మిది జవాబులు వచ్చాయి. ఎక్కువ భాగం దుఆలు. లారీ నడిపేవాడు మాత్రం, "హజ్రత్, రాత్రి డ్యూటీలో తెల్లవారుజామున ఆ చుక్కను రోజూ చూస్తాను. అక్కడ ఎవరో ఉన్నారని నా కొడుక్కి కథలు చెప్పాను. ఇప్పుడేమి చెప్పాలి?" అని అడిగాడు. చక్కెర గొళ్లెం సంగతి చెప్పమన్నాము.